గర్భిణీ పరిచర్యలో మూలికలు: మన వైద్య గ్రంథాల సాక్ష్యం

ఇస్లామీయ నాగరికత వైద్యశాస్త్రానికి చేసిన సేవను గురించి వ్రాసేటప్పుడు మనం సాధారణంగా బగ్దాదు, దమిష్క్ నగరాల ఆసుపత్రులను, జహ్రావీ శస్త్రచికిత్స పరికరాలను, ఇబ్నె సీనా ‘అల్ ఖానూన్’ను పేర్కొని ఊరుకుంటాం. ఆ ‘ఖానూన్’ మూడవ భాగంలో గర్భిణీ స్త్రీల ఆహార విహారాలపై విడిగా ప్రకరణం ఉన్నదని గాని, అంతకు ముందే ఈ ఒక్క విషయం మీద పూర్తి గ్రంథాలు వెలువడ్డాయని గాని చాలామందికి తెలియదు. ఈ ఉపేక్ష వల్ల కలిగే నష్టం చరిత్ర జ్ఞానానికే పరిమితమైతే పెద్దగా బాధపడనక్కరలేదు. కాని నేడు మన బజారులలో ‘తిబ్బె నబవీ’ పేరుతో మూలికల పొట్లాలు, నూనె సీసాలు అమ్ముడవుతున్నాయి. గర్భిణీలకు కూడా మేలు చేస్తాయని చెప్పి ఇస్తున్నారు. ప్రకృతిసిద్ధమైనది కనుక హాని ఉండదని ఒక మాట, పూర్వ హకీములు వాడినదేనని మరొక మాట. మొదటి మాట సంగతి వైద్యులు చూసుకుంటారు. రెండవ మాట చరిత్రకు సంబంధించినది కనుక ఆ హకీములు నిజంగా ఏమి వ్రాశారో చూడవలసి ఉన్నది.

హిజ్రీ నాలుగవ శతాబ్దంలో, అంటే క్రీస్తు శకం పదవ శతాబ్దంలో, ఒకరికొకరు దూరంగా ఉన్న మూడు నగరాలలో ముగ్గురు వైద్యులు తల్లీబిడ్డల పరిచర్యపై గ్రంథాలు రచించారు. అందలుసియాలోని ఖుర్తుబాలో అరీబ్ బిన్ సఅద్ గర్భస్థ పిండం, గర్భిణీలు, శిశువుల పోషణ గురించి క్రీ.శ. 964 ప్రాంతంలో 15 అధ్యాయాల గ్రంథం వ్రాశారు. ఈయన వైద్యుడు మాత్రమే కాదు, తబరీ చరిత్రను సంగ్రహించి కొనసాగించిన చరిత్రకారుడు, ఖలీఫా ఆస్థానంలో ఉద్యోగి. ట్యునీసియాలోని ఖైరవాన్‌లో ఇబ్నుల్ జజ్జార్ శిశుపోషణపై గ్రంథం వ్రాశారు. మోసుల్ సమీపంలోని బలద్ అనే ఊరి నుండి ఈజిప్టు చేరిన అహ్మద్ బిన్ ముహమ్మద్ అల్ బలదీ, ఫాతిమీ వజీరు యాఖూబ్ బిన్ కిల్లిస్ కోసం గర్భిణీల, శిశువుల సంరక్షణపై మూడు భాగాల గ్రంథం కూర్చారు. ఆ వజీరు క్రీ.శ. 991లో మరణించాడు కనుక గ్రంథం అంతకు ముందుదే.

అరీబ్ కాలపు ఖుర్తుబాలో జరిగిన ఒక సంఘటన మన విషయానికి చాలా ముఖ్యం. గ్రీకు మూలికా శాస్త్రవేత్త దియుస్కోరిదూస్ గ్రంథాన్ని అంతకు వంద సంవత్సరాల క్రితమే బగ్దాదులో ఇస్తిఫాన్ బిన్ బసీల్ అరబ్బీలోకి అనువదించగా, హునైన్ బిన్ ఇస్‌హాఖ్ దానిని సరిదిద్దారు. అరబ్బీ పేరు తెలియని మొక్కలకు ఇస్తిఫాన్ గ్రీకు పేర్లనే వదిలివేశారు. తరువాతివారు ఎవరైనా వాటిని గుర్తించగలరని ఆయన ఆశ. బైజాంటియం చక్రవర్తి ఆ గ్రంథపు చిత్రాలతో కూడిన గ్రీకు ప్రతిని ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్‌కు కానుకగా పంపినప్పుడు, దానిని చదవగలిగినవారు ఖుర్తుబాలో ఒక్కరూ లేకపోయారు. ఖలీఫా కోరిక మీద హిజ్రీ 340లో నికులా అనే క్రైస్తవ సన్యాసి వచ్చాడు. అతడు, యూదు వైద్యుడు హస్‌దాయ్ బిన్ షప్రూత్, ముస్లిం వైద్యులు కలిసి కూర్చుని ఒక్కొక్క మొక్కనూ ఖుర్తుబా పరిసరాల్లో వెదకి పేరు పెట్టారు. చివరకు గుర్తు తెలియనివి సుమారు పది మాత్రమే మిగిలాయని ఆనాటి చరిత్ర వ్రాసిన ఇబ్నె జుల్‌జుల్ చెప్పారు. మూడు మతాలవారు కలిసి చేసిన ఈ పని అంతా ఒకే ఒక భయం నుండి పుట్టినది. పేరు తప్పితే మందు విషమవుతుంది.

ఆ భయం గర్భిణీ విషయంలో రెట్టింపు అవుతుంది. అందువల్లనే ఆ గ్రంథాలను విప్పినప్పుడు మనకు కనిపించేది మందుల జాబితా కాదు, భోజనపు జాబితా. ఇబ్నె సీనా (క్రీ.శ. 980-1037) గర్భిణీకి మేక పిల్ల మాంసం, శుభ్రమైన రొట్టె, ఎండు ద్రాక్ష, తియ్యని సఫర్జల్ (మన యునానీ దుకాణాల్లో బిహీదానాగా దొరికే గింజల పండు), ఆపిల్, పులుపు దానిమ్మ వంటివి చెబుతారు. వేవిళ్ళలో కడుపు నిలవనప్పుడు, మట్టి, బొగ్గు తినాలనిపించినప్పుడు కూడా ఆయన చూపు ముందు కడుపును బలపరిచే పండ్ల వైపే పోతుంది. తేలికపాటి నడక మంచిదంటారు. ఎగరడం, దెబ్బ తగలడం, పడిపోవడం, అతిగా తినడం, కోపం వద్దంటారు. మలబద్ధం ఉంటే కొవ్వు కలిసిన పలుచని రసాలతో మెత్తబరచాలే గాని గట్టి విరేచనం ఇవ్వరాదు. రక్తం తీయించరాదు.

తప్పనిసరి అయినప్పుడు విరేచనం ఎప్పుడు ఇవ్వవచ్చు? ఇక్కడ హకీములందరూ బుఖ్రాత్ (హిప్పోక్రాటీస్) సూత్రాన్నే ఆధారం చేసుకున్నారు. నాలుగవ నెల నుండి ఏడవ నెల వరకే, అదీ అవసరమున్నంత మేరకే. దీనికి జాలీనూస్ (గాలెన్) చెప్పిన ఉపమానం ఆ తరువాతి వైద్య విద్యార్థులందరి నోటా నానింది. చెట్టు మీద పిందె తొడిమ గట్టిపడక ముందు చిన్న గాలికే రాలుతుంది. పండిన తరువాత కూడా అంతే తేలికగా రాలుతుంది. మధ్యకాలంలోనే గాలికి నిలుస్తుంది. గర్భం కూడా అటువంటిదే. ఈ ఉపమానంలోని శరీరశాస్త్రం నేటిది కాదు. కాని మొదటి మూడు నెలల్లో మందు అనేది వీలైనంత వరకు ముట్టరాదన్న జాగ్రత్త మాత్రం నేటి వైద్యులకు కూడా కొత్తది కాదు.

ఇబ్నె సీనా గర్భిణీకి వద్దన్నవాటిలో మనకు బాగా తెలిసినవి కొన్ని ఉన్నాయి. కారం, చేదు పదార్థాలు, బహిష్టును తెప్పించేవి వదలాలని చెప్పి, ఈ రెండవ కోవలో అలసందలు, శనగలు, నువ్వులు పేర్కొన్నారు. నువ్వుల కషాయం గర్భాన్ని పోగొట్టేటంత శక్తి గలదని మూలికల భాగంలో మళ్ళీ వ్రాశారు. మన తెలుగు ఇళ్ళలో నువ్వులు చూలాలికి పెట్టకూడదని పెద్దలు అనే మాటను హిందూ ఇళ్ళలోనూ, ముస్లిం ఇళ్ళలోనూ వింటూనే ఉన్నాం. ఎవరి నుండి ఎవరు నేర్చారో తేల్చడం కష్టం. ఎందుకంటే క్రీ.శ. 850లో ‘ఫిర్దౌసుల్ హిక్మా’ వ్రాసిన అలీ బిన్ రబ్బన్ తబరీ తన గ్రంథంలో భారతీయ వైద్యానికి ఒక భాగమే కేటాయించారు. ఆ రోజులకే రెండు వైద్యాలు ఒకదానినొకటి ఎరిగి ఉన్నాయి. అయితే నువ్వులతోపాటు మన వాళ్ళు చెప్పే బొప్పాయి నిషేధాన్ని మాత్రం ఏ ప్రాచీన హకీముకూ, ఏ ప్రాచీన ఆచార్యునికీ అంటగట్టలేము. బొప్పాయి అమెరికా ఖండపు చెట్టు. పోర్చుగీసువారు సముద్రం మీద తిరగడం మొదలైన తరువాతనే మన దేశం చేరింది. పాత హకీముల పేరుతో బొప్పాయిని గురించి చెప్పేవారు కనిపిస్తే అక్కడే ఆగి ఆలోచించవలసి ఉంటుంది.

మరి ఘాటైన మూలికలు ఎక్కడ ఉన్నాయి? ఈ గ్రంథాలు చదవడంలో అసలు కిటుకు ఇక్కడే ఉన్నది. మెంతులు (హుల్బా), దాల్చినచెక్క, కుంకుమపువ్వు, సుదాబ్, హలీం గింజలు, కలోంజీ మొదలైనవన్నీ స్త్రీల వైద్యంలో ఉన్నాయి. కాని అవి గర్భిణీ పోషణ అధ్యాయంలో లేవు. ఆగిన బహిష్టును తెప్పించడం, కష్ట ప్రసవం, మాయ పడకపోవడం, కడుపులో చనిపోయిన పిండాన్ని బయటికి తేవడం, ఈ అధ్యాయాలలో ఉన్నాయి. అంటే గర్భాశయాన్ని కదిలించగలవని వారు నమ్మినవాటినే అవసరమైన గడియకు దాచి ఉంచారు. మెంతుల కషాయంలో కష్ట ప్రసవమవుతున్న స్త్రీని కూర్చోబెట్టమన్నవారే మొదటి నెలల్లో దానిని మందుగా ఇవ్వమనలేదు. పేరు చూసి అధ్యాయం చూడనివారికి ఒకే మొక్క ‘స్త్రీలకు మంచిది’గా కనిపిస్తుంది.

సుదాబ్ సంగతి చూడండి. తెలుగువారి పెరళ్ళలో చంటిపిల్లల మందుగా పేరు పొందిన సదాపాకు ఇదే. ఆ తెలుగు పేరు కూడా సుదాబ్, సదాబ్ అనే పలుకు నుండి వచ్చినదే. దియుస్కోరిదూస్ మొదలు యునానీ హకీముల వరకు అందరూ దీనిని గర్భానికి శత్రువుగానే పేర్కొన్నారు. పెరటి మొక్క కనుక సాధువని అనుకోవడానికి వీలు లేదు.

కుంకుమపువ్వు మరొక ఉదాహరణ. పాలలో వేసి తాగితే బిడ్డ తెల్లగా పుడుతుందన్న నమ్మకం మన వద్ద అన్ని మతాలవారిలోనూ ఉన్నది. ఇబ్నె సీనా కుంకుమపువ్వు మేని వన్నెను మెరుగుపరుస్తుందని వ్రాశారు. అయితే అది తిన్నవారి వన్నె. బిడ్డ వన్నె మాటే అక్కడ లేదు. బహుశా ఈ మాటే నోటి నుండి నోటికి మారి బిడ్డకు అంటుకున్నది. అదే చోట ప్రసవాన్ని సులభం చేస్తుందనీ, మూడు మిస్ఖాళ్ళు (సుమారు 13 గ్రాములు) తీసుకుంటే ఉల్లాసంతోనే ప్రాణం తీస్తుందనీ ఆయన హెచ్చరించారు. వంటలో వేసే నాలుగు రేకుల సంగతి వేరు. ‘ఎంత వేస్తే అంత తెలుపు’ అనే ధోరణి వేరు.

ఇక్కడ షరీఅత్ దృష్టిని కూడా గమనించాలి. హుజైల్ తెగకు చెందిన ఇద్దరు స్త్రీల తగాదాలో ఒకరు విసిరిన రాయి తగిలి మరొకరి గర్భం పోయినప్పుడు, దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) ఆ పిండానికి ‘గుర్రా’ అనే పరిహారం విధించారు. ఫుఖహాలు దాని విలువను పూర్తి రక్తపరిహారంలో ఇరవయ్యో వంతుగా, అంటే 100 ఒంటెలకు 5 ఒంటెలుగా లెక్కించారు. హజ్రత్ ఉమర్ (రజియల్లాహు అన్హు) ఖిలాఫత్ కాలంలో ఇటువంటి వ్యవహారం వచ్చినప్పుడు ఆయన సహాబాలను సంప్రదించి, ముగీరా బిన్ షుఅబా చెప్పినదానికి ముహమ్మద్ బిన్ మస్లమా సాక్ష్యం పలికిన తరువాతనే తీర్పు ఇచ్చారు. తరువాతి హనఫీ గ్రంథాలు రాతి దెబ్బతో ఆగలేదు. భర్త అనుమతి లేకుండా స్త్రీ కావాలని మందు తాగి గర్భం పోగొట్టుకున్న సందర్భాన్ని కూడా చర్చించి అక్కడా గుర్రాను విధించాయి. వైద్యం తెలిసినవాడని పేరు లేకుండా వైద్యం చేసి హాని కలిగించినవాడు దానికి బాధ్యుడవుతాడన్న హదీసు అబూ దావూద్, నసాయీ, ఇబ్నె మాజా సంకలనాలలో ఉన్నది. కనుక మూలిక ఇచ్చే చేయి చట్టానికి అతీతం కాదు. ఇబ్నె సీనా వంటివారు గర్భం తొలగించే ఉపాయాలను వ్రాసినప్పుడు కూడా తల్లి చిన్నదై ప్రసవంలో ప్రాణభయం ఉన్నప్పుడు, గర్భాశయంలో రోగం ఉన్నప్పుడు అని కారణాలు చెప్పి మరీ వ్రాశారు.

హజ్రత్ మర్యం (అలైహస్సలాం) పేరుతో ముడిపడిన విషయాలు మనకు మరింత దగ్గరివి. సూరా మర్యంలో పురిటి నొప్పులు ఆమెను ఖర్జూరపు మాను వద్దకు చేర్చిన సందర్భం, ఆ మానును కదిలిస్తే తాజా ఖర్జూరాలు రాలుతాయన్న దైవ సందేశం పాఠకులకు తెలిసినవే. తాబయీలలో రబీ బిన్ ఖుసైమ్, అమ్ర్ బిన్ మైమూన్ దీనినుండి తాజా ఖర్జూరాన్ని మించినది లేదని భావించారు. ఎవరికి? వారు వాడిన మాట ‘నుఫసా’, అంటే బాలింత. ఖుర్ఆన్ దృశ్యం కూడా ప్రసవ సమయానిదే. నిండు నెలల్లో ఖర్జూరం తినడం గురించి జోర్డాన్‌లో జరిగిన ఒక పరిశీలన 2011లో ప్రచురితమైనది. ప్రసవానికి ముందు నాలుగు వారాలు రోజుకు ఆరు ఖర్జూరాలు తిన్న 69 మంది స్త్రీలలో, తినని 45 మందితో పోల్చితే, ప్రసవం సులువుగా ఆరంభమైనట్లు తేలింది. చిన్న పరిశీలన. దానిమీద పెద్ద మేడలు కట్టనక్కరలేదు. కాని ఇక్కడా కాలం చివరి నాలుగు వారాలే, వస్తువు ఆహారమే అన్నది గమనార్హం.

ఆమె పేరునే మోస్తున్న ఎండు మొక్క ‘కఫ్ఫె మర్యం’. హజ్ యాత్ర నుండి తిరిగి వచ్చేవారు మక్కా, మదీనా బజారుల నుండి తెచ్చే వస్తువులలో ఇది ఒకటి. ముడుచుకున్న పిడికిలిలా ఉండి నీటిలో వేస్తే మెల్లగా విచ్చుకుంటుంది. పురిటి గదిలో గిన్నెడు నీళ్ళలో దీనిని ఉంచి, అది విచ్చుకునేకొద్దీ ప్రసవం తేలికవుతుందని భావించడం అరబ్బు దేశాల నుండి మలయా వరకు వ్యాపించిన ఆచారం. చూస్తున్న తల్లికి ధైర్యం చిక్కితే సంతోషమే. ఖుర్ఆన్‌లో గాని సహీహ్ హదీసులలో గాని దీని ప్రస్తావన లేదు. ఆ నీటిని తాగడం, అదీ నెలల ముందు నుండే తాగడం మాత్రం వేరే సంగతి. గర్భిణీకి అది క్షేమమని నిలబడగల ఆధారం నేటికీ లేదు.

పైగా పేరులోనే ప్రమాదం ఉన్నది. ‘కఫ్ఫె మర్యం’ అనే పేరు అరబ్బు ప్రాంతాలలో ఒకటి కంటె ఎక్కువ మొక్కలకు ఉన్నది. వావిలి జాతి చెట్టు ఒకదానిని కూడా అలాగే పిలిచారు. ఇక ‘బఖూరె మర్యం’ పూర్తిగా వేరే దుంప. దానిని గర్భిణీ దాటినా గర్భం పోతుందని ప్రజలు చెప్పుకుంటారని దియుస్కోరిదూస్ వ్రాశాడు. దాటడం మాట అతిశయోక్తి అనుకున్నా, దానిని ఎంత భయంతో చూశారో తెలుస్తున్నది. ఒకే పవిత్ర నామం, రెండు మూడు మొక్కలు. మలాగాలో పుట్టి దమిష్క్‌లో క్రీ.శ. 1248లో మరణించిన ఇబ్నుల్ బైతార్ సుమారు 1400 ఔషధాలను అక్షరక్రమంలో కూర్చి, ఒక్కొక్క దానికి వివిధ భాషల పేర్లు, పూర్వుల మాటలు, వారి పొరపాట్లు వ్రాయడానికి జీవితమంతా ఎందుకు వెచ్చించారో దీనివల్ల అర్థమవుతుంది. మన దేశంలో కూడా నూరుద్దీన్ ముహమ్మద్ అబ్దుల్లా షీరాజీ షాజహాన్ పాలన తొలి రోజుల్లో ‘అల్ఫాజుల్ అద్వియా’ అనే ఔషధ నామాల నిఘంటువు వ్రాశారు. దక్కనులో చరిత్రకారుడుగా ప్రసిద్ధుడైన ఫరిష్తా ఈ దేశపు మందులను పర్షియను చదువరులకు పరిచయం చేస్తూ వైద్య గ్రంథం రచించారు. ముహమ్మద్ ఖులీ ఖుతుబ్‌షా 1595లో హైదరాబాదులో దారుష్షిఫా కట్టించాడు. అరబ్బీ పేరు పర్షియనుకు, పర్షియను దక్కనీకి, దక్కనీ తెలుగుకు మారే దారిలో ఎన్నిచోట్ల కాలు జారవచ్చో ఆనాటి పండితులకు తెలుసు. పొట్లం మీద ఒకే పేరు అచ్చువేసి అమ్మే నేటి వర్తకునికి ఆ చింత లేదు.

కలోంజీ విషయం సున్నితమైనది. నల్ల జీలకర్రలో మరణం తప్ప అన్నిటికీ స్వస్థత ఉన్నదన్న హదీసు సహీహ్ బుఖారీలోనిది. దానిని కాదనే ప్రశ్నే లేదు. కాని దానిని ఎలా అర్థం చేసుకోవాలన్నది ముస్లిం పండితులే చర్చించారు. హిజ్రీ నాలుగవ శతాబ్దపు హదీసు వ్యాఖ్యాత ఖత్తాబీ, మాట సామాన్యంగా ఉన్నా ఉద్దేశం ప్రత్యేకమైనదనీ, ఆ గింజ స్వభావానికి తగిన రోగాలకే వర్తిస్తుందనీ వివరించారు. ‘జాదుల్ మఆద్’లో దైవప్రవక్త (స) వైద్యాన్ని శ్రద్ధగా కూర్చిన ఇబ్నె ఖయ్యిమ్ (మ. 1350) రోగి ప్రకృతిని, మోతాదును పక్కన పెట్టమనలేదు. ఇబ్నె ఖల్దూన్ (మ. 1406) ఇంకా ముందుకు పోయి, ఈ వైద్యం అరబ్బుల అనుభవంలోనిది, వహీలో భాగం కాదన్నారు. ఆయనతో ఏకీభవించని ఉలమాలు ఉన్నారు. మనం ఎటు నిలబడినా ఒక విషయం మిగులుతుంది. ఆ హదీసును తు.చ. తప్పక నమ్మిన కాలంలోనే ముస్లిం హకీములు ఇదే గింజను కొన్ని రోజులు వరుసగా వాడితే బహిష్టు తెప్పిస్తుందని వ్రాసి, ఆ కోవలో ఉంచారు. విశ్వాసం వారి కలాన్ని ఆపలేదు. నేడు గర్భిణీ చేతిలో కలోంజీ నూనె సీసా పెట్టి రోజూ చెంచాడు తాగమనేవారు హదీసునూ పూర్తిగా చదవలేదు, హకీములనూ చదవలేదు.

చివరగా, ఈ గ్రంథాలలో పేర్లు లేని వ్యక్తులను తలచుకోవాలి. హకీములలో చాలామంది పురిటి గదిలో అడుగు పెట్టినవారు కారు. అక్కడి పని ‘ఖాబిలా’ది, మన భాషలో దాయిది, మంత్రసానిది. జహ్రావీ తన శస్త్రచికిత్స భాగంలో ఆమెకే సూచనలు వ్రాశారు. ఇబ్నె ఖల్దూన్ ‘ముఖద్దిమా’లో ప్రసవ విద్యకు ప్రత్యేక అధ్యాయం ఇచ్చి, పాలు విడిచేదాకా శిశువుకు వచ్చే బాధలు నేర్పరియైన వైద్యుని కంటె దాయిలకే ఎక్కువ తెలుసునని ఒప్పుకున్నారు. ఏ మూలిక అన్నది పుస్తకంలో దొరుకుతుంది. ఏ గడియకు అన్నది ఎక్కువగా ఆమె వద్ద ఉండేది. హలీం గింజలు గర్భాన్ని పాడుచేస్తాయని దియుస్కోరిదూస్ నాటి నుండి గ్రంథాలు చెబుతుండగా, వాటినే లడ్డూలు చేసి బాలింతకు పెట్టే ఆచారం దక్కను ముస్లిం ఇళ్ళలో ఉన్నది. వాముతో చేసే అచ్వానీ కూడా బిడ్డ పుట్టిన తరువాతదే. తెలుగువారి బాలింత కాయం అంతే. ఇందులో వైరుధ్యమేమీ లేదు. మధ్యలో ప్రసవం అనే గీత ఉన్నది. ప్రసవాలు ఆసుపత్రులకు మారి తల్లుల ప్రాణాలు ఎన్నో నిలిచాయి. అది గొప్ప మేలు. దాయి మాత్రం ఆ ఇంటి నుండి వెళ్ళిపోయింది. ఆమె డబ్బాలోని గింజలు ఇంట్లోనే ఉండిపోయాయి. వాటిని ఎప్పుడు తీయాలో చెప్పే గొంతు స్థానంలో ఇప్పుడు పొట్లం మీది అచ్చు అక్షరాలు ఉన్నాయి. వాటిలో నెల లెక్క కనిపించదు.